పొద్దు మార్పిడి ఉత్తర్వు

అదొక పెద్ద అడవి. దానికో సింహం రాజు, రాజుకో నక్క కార్యదర్శి, ఆ నక్క కింద నలిగిపోవడానికి జుట్టయ్య అనే కోడిపుంజు. జుట్టయ్య కూస్తేనే అడవికి తెల్లవారినట్టు లెక్క. తరతరాలుగా వాళ్ళింటి ఉద్యోగమది.

రాజుగారు రాత్రంతా విందులు చేసి పగలంతా పడుకోవడం మరిగారు. లేచేసరికి సాయంత్రమయ్యేది. అప్పటికి దర్బారు ఖాళీ. పొగిడేవాళ్ళు లేక ఆయన ప్రాణం విలవిల్లాడేది.

"తమరు ఆలస్యంగా లేవడమేమిటి ప్రభూ, తెల్లవారడమే తొందరపడుతోంది," అంది నక్క. "కోడి కూతను సాయంత్రానికి మారుద్దాం. అడవికి అప్పుడే తెల్లవారుతుంది."

తన కోడీ తన కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి లోకమంతా నవ్వింది. ఈ సభ మాత్రం చప్పట్లు కొట్టింది.

"మరి సూర్యుడండీ?" అని జుట్టయ్య నసిగాడు.

"సూర్యుడు మన శాఖలో లేడు," అంది నక్క. "నువ్వున్నావు. వేళ తప్పి కూశావో, నీ మెడ నీది కాదు."

ఇక సాయంత్రం కూతే. జింకలు చీకట్లో మేసి కడుపుబ్బరంతో మూలిగాయి. కోతులు పట్టపగలు నిద్రపట్టక దొర్లి దొర్లి కొమ్మల మీంచి కిందపడ్డాయి. ఏనుగుకు మలబద్ధకం పట్టుకుంది, దాని బాధ అడవంతా వినబడింది. జుట్టయ్య పెళ్ళాం గుడ్లు పెట్టడం మానేసి పోట్లాట పెట్టుకోవడం మొదలెట్టింది.

ఎలుగుబంటి వైద్యుడు సభకొచ్చాడు. "ప్రభూ, ఒంట్లో ఓ గడియారం ఉంటుంది. అది వెలుగును చూసి నడుస్తుంది. ఆకలీ నిద్రా దాని మాటే వింటాయి. తమ ఉత్తర్వు తలకెక్కింది గానీ, పొట్టకు చదువు రాదు."

"అయితే పొట్టలకు విడిగా ఉత్తర్విద్దాం," అంది నక్క.

అసలు గండం జుట్టయ్యకొచ్చింది. ఓ తెల్లవారుజామున గాఢనిద్రలో ఉండగానే వాడి గొంతు దానంతటది కూసేసింది. కోడి కూసిందంటే కొలువుకు పోవాలి. అప్పుడే నడుం వాల్చిన అడవి తిట్టుకుంటూ లేచింది. రాజుగారి తిట్లయితే రాయడానికి వీల్లేనివి.

ఆ రాత్రే విచారణ.

"నోరు నాదే బాబయ్యా, కూత నా చేతిలో లేదు," అని జుట్టయ్య ఏడ్చాడు.

"అలాంటి గొంతుకు మెడ ఎందుకు?" అంటూ నక్క శిక్ష చదవబోయింది. పగలూ రాత్రీ నిద్ర చెడిన సభ అప్పటికే జోగుతోంది. రాజుగారు గుర్రుపెట్టారు. నక్క మాట మధ్యలోనే ఒరిగిపోయింది. పారిపోవాల్సిన జుట్టయ్యకు కూడా కునుకు పట్టింది. ఏం చేస్తాడు, వాడిదీ ఒళ్ళే.

తూర్పు ఎర్రబడేసరికి గొంతులో మళ్ళీ అదే గులగుల. జుట్టయ్య రెక్కతో ముక్కు మూసుకున్నాడు. ఇసుక మింగి చూశాడు. ఆగలేదు. కొండలు మారుమోగేలా కూసి, ఇక చావే అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

రాజుగారు లేచారు. రాత్రిపూట కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఒళ్ళు తేలిగ్గా ఉంది, బుర్ర తేటగా ఉంది.

"ఎంత హాయిగా ఉందయ్యా. ఎవరిదీ ఏర్పాటు?"

జుట్టయ్య నోరు తెరిచేలోగా నక్క లేచి నిలబడింది. "నాదే ప్రభూ. కొత్త పథకం. తెల్లవారడాన్ని తెల్లవారుజాముకు మార్పించాను."

సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది. నక్కకు శాలువా కప్పారు. పథకం ప్రకటించక ముందే కూసినందుకు జుట్టయ్యను మందలించి వదిలేశారు. మెడ దక్కిందే పదివేలనుకుని వాడు ఇంటికి పరుగెత్తాడు.

నీతి: తెల్లవారడం సూర్యుడి పని, తెల్లవార్చిన ఘనత మాత్రం రాజుగారు లేచేసరికి ఎదురుగా నిలబడ్డవాడిది.