తీగలున్న దుంగ

“విదేశ వ్యాపారం మీద ఈ దేశానికి ఒక పొందికైన జాతీయ విధానం ఉండి తీరాలి!” అన్నారు మా ఆఫీసరు గణపతిరావుగారు, 1968లో శ్రీకాకుళంలో మా ఎగుమతి ప్రోత్సాహక కార్యాలయం తెరిచిన రోజున. నేనక్కడ హెడ్ గుమాస్తాను. ఆరు నెలలపాటు అందరినీ ప్రోత్సహించాం. ఒక్క సరుకూ కదల్లేదు!

ఏడో నెలలో, బొబ్బిలిలో వీణలు చేసే అప్పలసూరి ఎగుమతి పర్మిట్ కోసం వీణతో సహా బస్సు దిగాడు. లండన్‌లో ఎవరో దొరసాని వీణ కావాలని ఉత్తరం రాసిందట. పెరట్లో ఉన్న ఒక్క పనసచెట్టూ కొట్టించి, ఆరబెట్టి, నాలుగు నెలలు వేరే పని ముట్టకుండా చెక్కాడు. ఆ వీణ ఓడెక్కితేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

“ఏం కర్రయ్యా?” అన్నారు ఆఫీసరుగారు.

“పనస బాబూ. ఒక్క మానులోంచే తొలిసినాను. ఎక్కడా అతుకు నేదు, సూడండి!”

బొబ్బిలివాళ్ళకి అదే గొప్ప. గణపతిరావుగారి ముఖం మాత్రం వాడిపోయింది.

“అతుకు లేదా! కొంప ముంచావు గదయ్యా! అతికితే తయారీ సరుకు, పంపినవాడికి బహుమతి ఇమ్మని ఒక శాఖ రాసింది. అతక్కపోతే కలప, పంపినవాడి మీద కేసు పెట్టమని ఇంకో శాఖ రాసింది. నాలుగు ముక్కలు కోసి అతికించుకురా, పో!”

“కోసీసి అతికిత్తే ఏటి పలుకుతాది బాబూ?”

“పలకడం గురించి సర్క్యులర్‌లో లేదు!”

అప్పలసూరి కొయ్యనన్నాడు. వీణని జప్తు చేసి, “తీగలున్న దుంగ, ఒకటి” అని ఫైల్లో రాశాను. ఢిల్లీకి రాస్తే ఒక శాఖ పంపమంది, రెండోది ఆపమంది. ఈలోగా ఓడ వెళ్ళిపోయింది. దొరసాని ఇక వద్దని రాసింది.

రెండు నెలలకి విదేశీ వర్తకుల బృందం మా ఊరొచ్చింది. వాళ్ళ స్వాగత సభకి ముందు ఆఫీసరుగారు దగ్గరుండి వీణ తుడిపిస్తున్నారు.

“అయ్యా, అది దుంగ కదండీ?” అన్నాను.

“అమ్మితే దుంగయ్యా. ఊరికే ఇస్తే సంస్కృతి! కానుకకి పర్మిట్ ఎందుకు? రేపు వాళ్ళు నన్ను వాళ్ళ దేశానికి పిలవొద్దూ?”

సభలో ఆ వీణని ఒక దొర చేతుల్లో పెట్టి, “ఇది మా కార్యాలయం కృషి!” అన్నారు. తన వీణ సంగతి కనుక్కుందామని వచ్చిన అప్పలసూరి వెనక వరసలోంచి లేచాడు.

“బాబూ, అది నాదండీ! నాను సెక్కినానండీ!”

నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. కానీ నా ప్రమోషన్ కాగితం ఆఫీసరుగారి బల్ల మీదే ఉంది! “కూర్చో, దేశం పరువు తీస్తావా?” అని అతని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.