కూర్చోవచ్చు

మా బట్టల ఫ్యాక్టరీ ఇస్త్రీ విభాగంలో పనిచేసే ఆడవాళ్ళు పని లేనప్పుడు కూర్చోవచ్చునని పైనుంచి ఉత్తర్వు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తర్వుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. నిలబడి చూస్తే చక్కగా కనిపిస్తుంది.

కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదన్న చిన్న విషయాన్ని కిటికీ పక్క బల్ల అమ్మాయి బయటపెట్టింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. వాచిన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.

"పిన్నీ, ఒక్క స్టూలు అడగనా?" అంది పక్క బల్ల ఆమెతో.

"అడుగు. నీ మొహం చూసి కాకపోయినా నీ పొట్ట చూసి ఇస్తారేమో."

మేనేజరు గారు దయామయులు. కాదన్న మాట ఆయన నోట రాదు. అవునన్న మాటా రాదు. "ఉత్తర్వులో ‘మే’ అని ఉందమ్మా, ‘మస్ట్’ అని లేదు. ఆ మాట అంతు తేలకుండా స్టూలు తెప్పిస్తే రేపు నన్నడుగుతారు" అన్నారు. అంతు తేల్చడానికి సొంత బావమరిదినే పిలిపించారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. ఇంట్లో వినేవాళ్ళు లేక చాలాకాలంగా మథనపడుతున్నారు.

సభ ఇస్త్రీ బల్లల మధ్యే జరిగింది. కుర్చీలు అద్దెకు తెచ్చారు. ఆఫీసువాళ్ళకు సరిగ్గా సరిపోయాయి.

"సోదరీమణులారా! వెయ్యేళ్ళ కిందట ఈ ‘మే’ అనుమతినిచ్చే మాట కాదు. బలం కలిగి ఉండడమని దానర్థం. బలమున్నవాడు చేయగలడు, చేయగలిగినవాడు చేయవచ్చు. అలా బలమే అనుమతిగా పరిణమించింది..." అని మొదలుపెట్టిన లెక్చరరు గారు భోజనాల వేళకు గానీ ఈ శతాబ్దానికి రాలేదు.

కిటికీ పక్క అమ్మాయి బల్లకు ఆనుకుంది. "ఏమంటున్నాడు పిన్నీ?"

"బలముంటే కూర్చోవచ్చట."

"బలముంటే కూర్చోవడం దేనికి?"

"ఊరుకో. చదువుకున్నాయన."

మేనేజరు గారు తీర్పు చెప్పారు. బలమున్నవాళ్ళే కూర్చోవడానికి అర్హులు. స్టూలు అడగడమే బలం లేదనడానికి రుజువు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీగానే ఉన్నాయి కనుక మేమూ కొట్టాం.

లెక్చరరు గారికి జ్ఞాపికగా సందర్భానికి తగినట్టు నున్నటి చెక్క స్టూలు బహూకరించారు. దగ్గరగా నిలబడిందని, కారు దాకా మోసే పని కిటికీ పక్క అమ్మాయికే అప్పగించారు. ఆమె దాన్ని గేటు దాకా మోసింది. కింద దించింది. దాని మీద కూర్చుంది.

"అదేంటమ్మా, కూర్చున్నావు?" అన్నారు మేనేజరు గారు.

"మోశాను కదా సార్. బలముంది."

ఆయన ఆలోచించారు. న్యాయం తప్పే మనిషి కారు. ఆ సాయంత్రమే రెండో ఉత్తర్వు గోడకెక్కింది: సదరు కార్మికురాలికి బలమున్నట్టు రుజువైనందున, ఆమె నిలబడి పనిచేయడానికి ఇకపై ఎలాంటి అభ్యంతరమూ లేదు.

ఇదంతా మీరు కూర్చునే చదివి ఉంటారు. మీ బలం మీద మాకెవరికీ అనుమానం లేదు.