బౌకెకు సరైన వయసు

మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి, చంకలో కుక్కపిల్లతో, పాలకవర్గ సభ్యుడు వీబ్రెన్ తోల్స్మా చారిత్రక ప్రకటన చేశాడు.

“ఈ పిల్లవాడి పేరు బౌకె. పెద్దయ్యాక చెరువుగట్టు మీది బాతుల్ని తరుముతాడు. వీడికి సరైన వయసులో, ఒక్కరి మనసూ నొప్పించకుండా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తాం. ఆ వయసేదో తేల్చలేక ఫైలు మూసేస్తే, ఆ రోజే రాజీనామా చేస్తాను!”

నార్దర్‌వీర్ ఊరి జనం చప్పట్లు కొట్టారు. బౌకె ఆయన టై నమిలాడు.

నలుగురూ కూర్చుని కాఫీ తాగితే తేలని సమస్య ఉండదని వీబ్రెన్ నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. పార్కు బెంచీలకు నీలం వేయాలని కొందరు, పసుపు వేయాలని కొందరు కొట్టుకుంటుంటే, రెండూ కలిపి ఆకుపచ్చ వేయించిన ఘనుడాయన. ఆ బెంచీల మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. అయినా అందరూ సమానంగా అలిగారు గనక ఊరు దాన్ని విజయం కిందే లెక్కేసింది.

మొదటి సమావేశంలో కాఫీ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం తలా ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేశారు.

“ఆరు నెలలు. ఒక్క రోజు దాటినా ఒప్పుకోను,” అంది పాలక కూటమిలో పెద్ద పార్టీ నాయకురాలు రెన్స్కే. ఆమె చెయ్యెత్తితేనే వీబ్రెన్‌కు పదవి. “మగకుక్కల సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో ఫ్రెయా ఉంది. నాలుగు పోటీల్లో గెలిచిన పిల్ల.”

“పెద్ద జాతి కుక్క. ఎముకలు ముదరొద్దూ? ఏడాదిన్నర ఆగాలి,” అన్నాడు రైతుల పార్టీ ఆయన.

“అసలు ఎప్పుడూ వద్దు. వాడి శరీరం వాడిష్టం,” అన్నాడు జంతు హక్కుల పార్టీ ఫ్లోరిస్.

పశువైద్యుణ్ణి పిలిపించి అడిగారు. “కుక్కను బట్టి ఉంటుంది,” అన్నాడాయన. ఈయన రాజకీయాల్లోకి రావలసిన మనిషని వీబ్రెన్ మనసారా మెచ్చుకున్నాడు.

ఇక మిగిలింది కూడి భాగించడమే. కానీ “ఎప్పుడూ వద్దు”ను ఎన్ని నెలల కింద రాసుకోవాలి? దానికో ఉపసంఘం వేశారు. కుక్క పద్నాలుగేళ్లు బతుకుతుంది గనక “ఎప్పుడూ వద్దు” అంటే పద్నాలుగేళ్లని ఉపసంఘం తేల్చింది. ముగ్గురివీ కలిపి మూడుతో భాగిస్తే అయిదేళ్ల నాలుగు నెలలు వచ్చింది.

“అప్పటికి వాడు తాతవుతాడయ్యా!” అని రెన్స్కే బల్ల గుద్దింది.

ప్రజాభిప్రాయం కూడా సేకరించారు. కుక్కనే అడగమని ఒకావిడ, బాతుల్ని అడగమని ఒకాయన సలహా ఇచ్చారు. బాతులతో బౌకెకు అప్పటికే స్నేహం కుదిరింది. రెండు పక్షాలూ కలిసి గట్టు పాడుచేస్తున్నాయి. ఈలోగా ఆరు నెలలు దాటాయి, తొమ్మిదీ దాటాయి. బౌకె గేదెదూడంత అయ్యాడు. వీబ్రెన్‌కు నిద్ర పట్టడం మానేసింది. పదవి లేని వీబ్రెన్‌ను ఇంట్లో ఆయన భార్య కూడా ఊహించుకోలేకపోయింది.

చివరికి ఒక ఆదివారం బౌకెను వెంటబెట్టుకుని రెన్స్కే ఇంటికే రాయబారం వెళ్లాడు.

“ఆ బురద కాళ్లతో లోపలికా? పెరట్లో వదులు,” అంది రెన్స్కే.

“మీ ఫ్రెయా ఉన్నట్టుందే?”

“ఈ పది రోజులూ దాన్ని వీధిలోకి పోనివ్వడం లేదులే. వీడిదేముంది, పసివెధవ. వాడికేం తెలుసు?”

లోపల మాటలు చాలాసేపు సాగాయి. మధ్యేమార్గంగా పన్నెండు నెలలన్నాడు వీబ్రెన్. పెరట్లో చడీచప్పుడు లేదు.

“చూశారా, కుక్కలు ఎంత బుద్ధిగా ఉన్నాయో! వాటికున్న సఖ్యత మనకు లేకపోయింది.”

ఆ మాటకు రెన్స్కే కరిగింది. డబ్బా మూత తీసి రెండో బిస్కెట్ ఇచ్చింది. ఆ ఊళ్లో రెండో బిస్కెట్ దొరికిందంటే సంతకం అయినట్టే. వీబ్రెన్‌కు కళ్లు చెమర్చాయి.

తర్వాత అభ్యంతరాలకు రెండు నెలల గడువిచ్చారు. ఒక్కటీ రాలేదు. ఓటింగు రోజు వీబ్రెన్ కొత్త టై కట్టుకుని, బౌకెతో సహా సభకు వచ్చాడు. కాఫీతో పాటు బిస్కెట్లకు బదులు వెన్న రాసి తీపి సోంపు చల్లిన రస్కులు వచ్చాయి. పురుడు వచ్చిన ఇంటివాళ్లు పంచే రస్కులవి.

“శుభాకాంక్షలు! శుభాకాంక్షలు!” అంటూ, పద్ధతి ప్రకారం వీబ్రెన్ గదిలో అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. “ఇంతకీ ఎవరికి?”

“ఫ్రెయాకి,” అంది రెన్స్కే. “ఏడుగురు.”

బల్ల మీద బుట్ట పెట్టింది. ఏడింటికీ బౌకె చెవులే. సభ బౌకె వైపు చూసింది. బౌకె కిటికీ వైపు చూశాడు. తన పని అయిపోయిందని వీబ్రెన్‌కు అర్థమైంది. రెన్స్కే మాట్లాడతానని చెయ్యెత్తింది. ఆయన జేబులో రాజీనామా కోసం పెన్ను తడుముకున్నాడు.

“పన్నెండు నెలలకు నేనొప్పుకోను,” అంది రెన్స్కే. “ఈ మొహాలు చూడండి. వీటికి కత్తి పెట్టడానికి మనసెలా వస్తుంది? అసలు ఎప్పుడూ వద్దు!”

“ఏడింటికి ఇళ్లెవరిస్తారండీ?” అని ఫ్లోరిస్ లేచాడు. “ఆరు నెలలు. ఒక్క రోజు దాటకూడదు!”

“ఎముకలు ముదరాలి. ఏడాదిన్నర,” అన్నాడు రైతుల పార్టీ ఆయన.

వీబ్రెన్ ఆ పెన్నుతోనే కూడి భాగించాడు. అయిదేళ్ల నాలుగు నెలలు వచ్చింది. ఇప్పుడు పిల్లలూ చేరి విషయం ఇంకా చర్చలో ఉంది గనక ఫైలు మూయరాదనీ, వీబ్రెన్ అధ్యక్షతన కొత్త సంఘం వేయాలనీ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

వీబ్రెన్ పళ్లెంలోంచి రెండో రస్కు తీసుకున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. బౌకె అప్పటికే తలుపు తోసుకుని, రెన్స్కే ఇంటి వైపు వెళ్లే దారి పట్టాడు.