ఇరవై మూడో పిల్ల

విహారయాత్రకు ఇరవై ఇద్దరు పిల్లలు వెళ్లి ఇరవై ముగ్గురు తిరిగి వస్తున్నారన్న శుభవార్త సోమవారం సాయంత్రం ఐదుంబావుకు చిట్టిగువ్వల బడికి ఫోనులో అందింది. ప్రధానోపాధ్యాయురాలు విజయగౌరి వెంటనే నిబంధనల పుస్తకం తిరగేశారు. పిల్లలు తగ్గితే ఏం చేయాలో అందులో నాలుగు పేజీల్లో ఉంది. పెరిగితే ఏం చేయాలో ఎక్కడా లేదు. కాబట్టి తప్పేమీ జరగలేదని తేల్చి, అందరికీ జిలేబీలు తెప్పించారు.

యాత్ర ఉద్దేశం సర్క్యులర్‌లో స్పష్టంగానే ఉంది: 'చిన్నారులకు గిరిజన కళలను, కథలను పరిచయం చేయుట.' పిల్లలు కొండమీద జాడుగూడలో సవర ఎండయ్య ఇంటి గోడ చూశారు. అలికిన ఎర్రమట్టి మీద బియ్యప్పిండితో గీసిన నెమళ్లు, ఏనుగు, ఒక సైకిలు, మధ్యలో చేతులు పట్టుకుని ఆడుతున్న మనుషుల వరుస. బస్సు బయల్దేరే వేళకి ఆ వరుసలోంచి ఒక పిల్ల గోడ దిగి, బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుంది. టీచరు ప్రమీల మూడుసార్లు లెక్కపెట్టి సంతకం చేసింది.

పిల్ల పేరు సోంబారి. రెండు త్రికోణాలు మొనలు కలుపుకుంటే ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. ప్రవేశపత్రంలో బ్లడ్ గ్రూప్ దగ్గర 'బియ్యప్పిండి' అని రాశారు. వర్షం పడే రోజుల్లో సెలవు మంజూరైంది. ఒక్కటే చిక్కు. గోడమీద ఆడుతూ ఉన్న పిల్ల కనుక, ఆమె కుడికాలు ఎప్పుడూ గాల్లోనే ఉండేది.

"కాలు దించమ్మా," అనేది ప్రమీల.

"దించితే ఆట ఆగిపోద్ది టీచర్."

సోంబారి పక్కన చందనను కూర్చోబెట్టారు. చందనకు ఐదేళ్లు. కూర్చోబెట్టారు అనడమే గాని ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఆమె డైరీలో ఎర్రసిరాతో రోజూ ఒకే మాట ఉండేది: 'కుదురు లేదు.' ఇద్దరికీ జత బాగా కుదిరింది. మధ్యాహ్నం జామకాయ చెరిసగం కొరుక్కుంటూ సోంబారి కొండ కథలు చెప్పేది. ఒక పులి ఆనపకాయ బుర్రలో దూరిందట.

"ఇందులో నీతి ఏమిటి?" అంది ప్రమీల.

"పులికి చలేసింది టీచర్."

నీతి లేని కథలకు పాఠ్యప్రణాళికలో చోటు లేదు. కథ మూడు నిమిషాలకు కుదించాలనీ చివర నీతి ఉండాలనీ సోంబారికి చెప్పారు. రెండో వారానికి కథలోంచి చలి పోయింది. మూడో వారానికి ఆనపబుర్ర, దాని వెనకే పులి పోయాయి. నాలుగో వారం సోంబారి లేచి, రెండు కాళ్లూ నేలమీద ఆనించి, చేతులు కట్టుకుని, "పెద్దల మాట వినవలెను" అని చెప్పి కూర్చుంది. ఉత్తమ విద్యార్థిని పత్రం ఆమెకే ఇచ్చారు.

ఆ మర్నాడు ఎండయ్య చంకలో కాగితం చుట్ట పెట్టుకుని బడికి వచ్చాడు. వాళ్లలో గోడమీద బొమ్మ గీస్తే, ఎవరి కోసం గీశారో ఆ పోయిన పెద్దలు కలలోకి వచ్చి తనిఖీ చేస్తారు. ఏది తక్కువైందో చెబుతారు. సైకిలు కూడా అలా అడిగి వేయించుకున్నదే.

"మా అవ్వ కల్లోకొచ్చి ఒకటే తిట్టు తల్లీ," అన్నాడు ఎండయ్య. "వరసలో ఒక పిల్లగుంట లేదట. చెయ్యి పట్టుకునేవోళ్లు లేక ఆట ఆగిపోనాది. నెల్లాళ్లయి అవ్వ ఒంటికాలి మీద నిలబడుంది. ఎల్లుండి కొత్త కందుల పండగ. ఈలోగా వరస కలవకపోతే గోడ దిగి ఎలిపోతానంటోంది."

"పెద్దావిడ ఎక్కడికి వెళ్తారు?"

"అదే భయం తల్లీ. ఇలాటి బళ్లోకి వచ్చీగలదు."

విజయగౌరి గాభరాగా సోంబారిని పిలిపించారు. ఎండయ్య కాగితం నేలమీద పరిచాడు. గోడమీది ఖాళీకి ఎర్రమట్టితో తీసిన అచ్చు అది, ఒక కాలు గాల్లో, రెండు చేతులూ బార్లా చాచి. సోంబారి అందులో పడుకుంది. స్కేలులా ఉంది. కాలు లేపమన్నారు. ఆమె విజయగౌరి వైపు చూసి, "అనుమతి ఉందా మేడమ్?" అంది. ఉందన్నా కాలు లేవలేదు.

అప్పుడే వరండాలో పరిగెడుతున్న చందన అలవాటు ప్రకారం గుమ్మం తన్నుకుని, గాల్లో ఒక చుట్టు తిరిగి, వచ్చి కాగితం మీద పడింది. వేలెడు తేడా లేకుండా సరిపోయింది.

"ఇదిగో మా గుంట!" అన్నాడు ఎండయ్య.

విజయగౌరి లెక్క చూసుకున్నారు. వెళ్లింది ఇరవై ఇద్దరు, ఇక మిగిలేదీ ఇరవై ఇద్దరే. చందన తల్లి వసంతను పిలిపించి అంగీకారపత్రం ముందు పెట్టారు. బడి నుంచి ఆమెకు పిలుపు రావడం ఆ ఏడాది అది పద్దెనిమిదోసారి.

"అక్కడ డైరీ రాస్తారాండీ?"

"అచ్చరం రాయం తల్లీ. ఆడ్డమే పని."

"కూర్చోమని ఎవరూ అనరు కదా?"

"గోడమీద ఎలా కూకుంటారమ్మా?"

వసంత కూతురి వైపు తిరిగింది. చందన అచ్చులోంచి లేవకుండా, కాలు గాల్లో ఊపుతూ, "అమ్మా, పులి కూడా ఉందట," అంది. వసంత కొంగుతో కళ్లు ఒత్తుకుని సంతకం పెట్టింది. బయట బెంచీ మీద ఉన్న ముగ్గురు తల్లులు, గోడమీద ఇంకేమైనా ఖాళీలున్నాయా అని ఎండయ్యను గొంతు తగ్గించి అడిగారు. తమ్ముడు కొత్త ఇల్లు కడుతున్నాడనీ గోడ పెద్దదేననీ అతను చెప్పాడు.

సోంబారి నేలమీది కాగితం వైపు కాసేపు చూసింది. గంట మోగగానే వరుసలోకి వెళ్లింది.

సాయంత్రం సర్క్యులర్ వచ్చింది: 'రేపు ఉదయం తొమ్మిదింటికి జాడుగూడకు విహారయాత్ర. పిల్లలు నీళ్ల సీసా, ఒక అరటిపండు తెచ్చుకోవలెను. బస్సులో అల్లరి చేయరాదు, కాళ్లు కదపరాదు. గోడమీద ఉండిపోవువారికి జాడుగూడ చేరిన తరువాత ఈ నియమం వర్తించదు.'