పెన్షన్ కాగితంలో చిన్నక్షరాలు చల్లగా ఉండాలి!

పెన్షన్ పాలసీ కాగితాల మీద అంత చిన్న అక్షరాలు అచ్చువేయించే మహానుభావుడెవరో నాకు తెలీదు. తెలిస్తే మాత్రం ఇంటికి వెళ్లి, శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, వంగి దణ్ణం పెట్టి వస్తాను.

నవ్వకండి! మనిషి ముసలితనం ప్రశాంతంగా గడవడానికి ఆయన చేసిన సేవ ఏ ప్రభుత్వమూ చేయలేదు.

మీరే ఆలోచించండి. ఆ నలభై పేజీలూ మనం చదవగలిగితే ఏమవుతుంది? మనకు అనుమానాలొస్తాయి. వాటిని ఏజెంటును అడుగుతాం. అప్పుడు ఆయన కూడా ఆ నలభై పేజీలూ చదవాలి! చెట్టంత మనిషికి అంత శిక్షా? ఇప్పుడైతే ఎంత హాయి! ఆయన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా మనం సంతకం గీకుతాం. పదకొండు సంతకాలు, ఒక ప్లేటు అటుకుల పోహే, ఒక టీ. మిగిలిన జీవితమంతటికీ ఏర్పాటు అయిపోయింది!

పేదా గొప్పా తేడా లేకుండా, ప్రొఫెసరైనా పాన్‌షాపువాడైనా ఎవరికీ అర్థం కాకుండా రాయడం కన్నా సమానత్వం ఇంకెక్కడుంది?

కానీ లోకంలో ఇంత చల్లని ఏర్పాటును చెడగొట్టేవాళ్లు ఉంటారు. మా పుణేలో, నారాయణ్ పేఠ్‌లో ఒకావిడ ఆ అక్షరాలు చదివేసింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. వినండి.

విద్యాధర్ సహస్రబుద్ధేకి కళ్లద్దాల కొట్టుంది. ఇంటిపేరే వెయ్యి బుద్ధులు కాబట్టి సలహాలకు కొదవుండదు. ముప్పయ్యొక్కేళ్లుగా పేఠ్‌లో సగం ముక్కుల మీద కూర్చున్నవి ఆయన బిగించిన ఫ్రేములే. నిజానికి బిగించింది ఆయన కాదు, ఆయన భార్య నలిని. ఆయన చూపు పరీక్ష చేస్తే, ఆవిడ గింజంత మరలు తిప్పుతూ అద్దాలు కూర్చేది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరూ షట్టరు దించి, అన్నం తిని, నాలుగింటి దాకా నిద్రపోయేవారు. ఎంత పెద్దమనిషి వచ్చి తలుపు కొట్టినా ఆ నిద్ర చెడిందే లేదు.

సొంత కొట్టు కాబట్టి పెన్షనిచ్చే నాథుడు లేడు. అందుకే విద్యాధర్ ముప్పయ్యైదో ఏట నుంచీ బీమా పాలసీలు కట్టుకుంటూ వచ్చాడు. పండగకు పట్టుచీర వాయిదా పడింది గానీ ప్రీమియం ఒక్కటీ వాయిదా పడలేదు. అరవై రెండో ఏట అన్నీ కలిసి ముప్పై లక్షలయ్యాయి. ఆ డబ్బు మొత్తం ఒక బీమా కంపెనీలో ఒక్కసారే కట్టేస్తే బతికినన్నాళ్లూ నెలనెలా ఇంత అని పంపుతారు. దాన్నే యాన్యుటీ అంటారని ఏజెంటు మిలింద్ బాపట్ చెప్పాడు.

"కాకా, ఇందులో రకాలు పదున్నాయి. మీ బుర్ర పాడుచేసుకోకండి. మొదటిది తీసుకోండి, అన్నిట్లోకీ ఎక్కువొస్తుంది. నెలకి ఇరవయ్యొక్క వేల రెండొందల యాభై!"

"రెండోదైతే?"

"అందులో పంతొమ్మిదే వస్తుంది కాకా. ఎందుకు దండగ?"

ఇరవయ్యొక్క వేలు! ఆ మాట వినగానే విద్యాధర్ కళ్ల ముందు మెరిసింది ఇల్లు కాదు, వాకిలి కాదు, పర్వతి కొండ.

రోజూ తెల్లవారాక విద్యాధర్‌తో కలిపి మేం అయిదుగురం ఆ కొండ మెట్లెక్కుతాం. పైన గుడి ముందు కూర్చుని మాట్లాడేది దేవుడి గురించనుకుంటున్నారా? పెన్షన్ల గురించి! రిటైరైన బ్యాంకు మేనేజరు ఆప్టే మా సభకు శాశ్వతాధ్యక్షుడు. కరువుభత్యం పెరిగిన రోజున ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. "మీకేమండీ, వ్యాపారస్తులు! మీకు పెన్షనెందుకు?" అని విద్యాధర్ భుజం తడుతుంటాడు. ఏళ్ల తరబడి ఆ తట్టుడుకి విద్యాధర్ భుజం కాయ కాసింది. ఇరవై వేలు దాటిన అంకె ఒక్కటి నోటితో చెప్పాలని ఆయనకెంత కోరికో!

మొదటి రకం మీదే టిక్కు పెట్టాడు. పదకొండు సంతకాలూ చేశాడు. మిలింద్ పోహే తిని వెళ్లాడు.

కాగితాలు ఇంటికొచ్చాయి. కొట్లో బల్ల మీద పడి ఉన్నాయి. మొదటి నెల డబ్బు ఇంకా పడనేలేదు, విద్యాధర్ మాత్రం కొండ మీద ఆ అంకెను నాలుగుసార్లు చెప్పాడు. ఆప్టే భుజం తట్టడం మానేశాడు. అంతా బాగుంది కదా?

అది గణపతి పండగ చివరి శుక్రవారం. మర్నాడు నిమజ్జనం. విద్యాధర్ బ్యాంకుకెళ్లాడు. కొట్లో నలిని ఒక్కతే ఉంది. ఇంగ్లిషు టీచరుగా రిటైరైన గోడ్‌బోలే బాయి కొత్త అద్దాలకోసం వచ్చింది. దగ్గరి చూపు పరీక్షించే అట్ట ఎవరి చేతిలోనో నలిగి చిరిగిపోయింది. నలిని అటూ ఇటూ చూసి, బల్ల మీదున్న కాగితాలే తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది చదవండి బాయీ. ఇంతకన్నా చిన్నక్షరాలు మా కొట్లో లేవు."

గోడ్‌బోలే బాయి క్లాసులో పాఠం చదివినట్టు గొంతు సవరించుకుని, చదివి, అర్థం కూడా చెప్పింది. అలవాటు పోదు కదా!

"మొదటి రకం. ఖాతాదారు మరణంతో చెల్లింపులు ఆగిపోతాయి. జీవిత భాగస్వామికి గానీ, వారసులకు గానీ ఆ తర్వాత ఏమీ చెల్లించబడదు. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు."

నలిని వంగి ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసింది.

"అద్దాలు బ్రహ్మాండంగా కుదిరాయమ్మా," అంది గోడ్‌బోలే బాయి. "వాక్యంలో వ్యాకరణం కూడా బాగుంది. భావమే బాలేదు. ఎవరిదీ పాలసీ?"

"తెలిసినవాళ్లదే," అంది నలిని.

విద్యాధర్ ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి షట్టరు సగం దించి ఉంది. చూపు పరీక్ష చేసే కుర్చీ పక్కన నలిని నిలబడి ఉంది.

"కూర్చోండి."

"అన్నం?"

"ముందు చూపు. తర్వాత అన్నం."

ముప్పయ్యొక్కేళ్లలో ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదలు. ఇనప ఫ్రేము ముక్కుకు తగిలించి, కాగితం చేతికిచ్చింది.

"చదవండి."

"ఖాతాదారు మరణంతో చెల్లింపులు ఆగిపోతాయి."

"తర్వాతి వాక్యం?"

"అదీ... మసగ్గా ఉంది నలినీ."

ఆవిడ ఒక అద్దం తీసి ఇంకోటి దోపింది. "ఇప్పుడు? ముందటి అద్దం బాగుందా, ఇది బాగుందా?"

"జీవిత భాగస్వామికి ఏమీ చెల్లించబడదు," అన్నాడు విద్యాధర్ నెమ్మదిగా.

"ఈ భాగస్వామి ఎవరండీ? నాకు తెలిసినావిడేనా?"

అబద్ధమాడే మనిషైతే విద్యాధర్ ఏదో ఒకటి అనేవాడు. నిజం చెప్పాలంటే ఆయన ఆ వాక్యం ఇప్పుడే మొదటిసారి చదివాడు.

"మిలింద్ అదే మంచిదన్నాడు. రెండోదైతే నెలకి రెండు వేలు తగ్గుతుంది."

"ఆ రెండు వేలు ఎవరికి చూపిద్దామని? కొండ మీద మీ కమిటీకా?"

ఆయన కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ నాన్నగారు ఎన్నో ఏట పోయారు?"

"అరవై తొమ్మిది."

"మీ అన్నయ్యగారు?"

"డెబ్బయ్యొకటి."

"సాతారాలో మా అమ్మకెన్నేళ్లు?"

"తొంభై రెండు."

"మిక్సీ పాడైందని మొన్న చట్నీ రోట్లో రుబ్బింది. నేను ఆవిడ పోలికే. ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. మీరు వెళ్లాక ఇరవై ఏళ్లు నేను ఏం తినాలి? మీ ఫొటోకి వేసిన దండా?"

విద్యాధర్ ఫ్రేము తీయబోయాడు. ఆవిడ తీయనివ్వలేదు. ఆ అద్దంలోంచి ఆయనకు ఆవిడ కుడిచేతి బొటనవేలు పెద్దదిగా కనిపించింది. స్క్రూడ్రైవరు పట్టీ పట్టీ గోరు మధ్యలో గాడి పడి ఉంది. ముప్పయ్యొక్కేళ్ల గాడి. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ చూసిన మనిషి, పక్కనే ఉన్న ఆ గోరును ఎన్నడూ చూడలేదు.

"ఎప్పుడైనా జీతమడిగానా?" అంది నలిని.

"లేదు."

"ఇప్పుడడుగుతున్నాను."

ఆయన కళ్లు తుడుచుకోవాలనుకుంటే ఫ్రేము అడ్డొచ్చింది. "నాకు తోచలేదు నలినీ. నిజంగా తోచలేదు. ఇంకేం చేస్తాం, సంతకాలయిపోయాయి."

"నేనింకో పేజీ కూడా చదివాను." ఆవిడ కాగితం తిప్పింది. "నచ్చకపోతే చేతికొచ్చిన ముప్పై రోజుల్లోపు వెనక్కిచ్చేయొచ్చట. ఇవాళ ఇరవై ఎనిమిది. రేపు నిమజ్జనం, ఎల్లుండి ఆదివారం. లేవండి!"

మిలింద్‌కి ఫోను చేశారు. అటునుంచి ఢోలు మోత.

"కాకా, రేపటి ఊరేగింపుకి ప్రాక్టీసులో ఉన్నా! సోమవారం వస్తా, కంగారుపడకండి!"

సోమవారానికి ముప్పయ్యొకటో రోజు. నలిని షట్టరు పూర్తిగా దించి తాళం వేసింది. అన్నం లేదు, నిద్ర లేదు. పేఠ్‌లో మధ్యాహ్నం మెలకువగా ఉన్న సహస్రబుద్ధేని చూసి ఎదురుకొట్టు స్టేషనరీ ఆయన గాభరాగా బయటికొచ్చి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

"ఇంకా లేదు," అంది నలిని.

స్కూటరెక్కారు గానీ సందు చివర గణపతి మండపం దగ్గరే అది ఆగిపోయింది. ముందు జనం, వెనక జనం. దాన్ని అక్కడే వదిలేసి నడిచారు. వంతెన మీద వందమంది ఢోలు వాయిస్తున్నారు. ఆ మోతలో విద్యాధర్ ఏదో అన్నాడు. "ఏంటీ?" అని అరిచింది ఆవిడ. "క్షమించమన్నా!" అని అరిచాడాయన. పక్కన ఢోలు వాయించే అమ్మాయి నవ్వి, ఇద్దరికీ దారి వదిలింది.

శివాజీనగర్‌లో బీమా ఆఫీసు చేరేసరికి మూడు ముప్పావు. బంట్రోతు తలుపు వేయబోతుంటే నలిని మోచెయ్యి అడ్డం పెట్టింది. లోపల ప్రాచీ అనే ఉద్యోగిని బ్యాగు సర్దుకుంటోంది. వీళ్ల చెమటలు చూసి కూర్చోబెట్టి ఒక ఫారం ఇచ్చింది. అందులో ఒక గడి: పాలసీ వెనక్కి ఇవ్వడానికి కారణం.

విద్యాధర్ పెన్ను పట్టుకుని ఆలోచించాడు. "ఆర్థిక కారణాలు అని రాయనా?"

"ఉన్నదున్నట్టు రాయండి," అంది నలిని.

ఆయన రాశాడు: 'నా భార్య చదివింది.'

ప్రాచీ అది చదివి నలిని వైపు చూసింది. నవ్వాపుకుంటోంది. "తొమ్మిదేళ్లుగా ఈ బల్ల దగ్గరున్నాను కాకూ. భర్త పోయాక వచ్చి ఈ మాట తెలుసుకున్నవాళ్లనే చూశాను. ఇద్దరూ కలిసి రావడం ఇదే మొదలు." ముద్ర గట్టిగా కొట్టింది.

కొత్త ఫారంలో రెండో రకం. ఇద్దరిలో ఎవరుంటే వాళ్లకి, ఉన్నన్నాళ్లూ, పూర్తిగా. నెలకి పంతొమ్మిది వేల రెండొందల యాభై. ఇంటూ గుర్తు చూపించినా నలిని వెంటనే సంతకం పెట్టలేదు. కళ్లద్దాలు తీసి పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలెట్టింది. బంట్రోతు తాళాలు గలగలలాడించాడు. ఆవిడ పేజీ తిప్పింది. ఆయన మళ్లీ గలగలలాడించాడు. ఆవిడ ఇంకో పేజీ తిప్పింది. ముప్పావుగంట పట్టింది!

సోమవారం పొద్దున కొండ మీద ఆప్టే హుషారుగా అడిగాడు. "ఏం సహస్రబుద్ధే, మీ ఇరవయ్యొక్క వేలు పడ్డాయా?"

"ఇరవయ్యొకటి కాదు, పంతొమ్మిదిన్నర కూడా లేదు," అన్నాడు విద్యాధర్. గొంతులో తడబాటు లేదు. "కానీ నేను పోయినా నలినికి అదే వస్తుంది. అవునూ, మీ తర్వాత మీ ఆవిడకెంతొస్తుంది ఆప్టే?"

ఆప్టే మిగతావాళ్ల వైపు చూశాడు. మిగతావాళ్లు మబ్బుల వైపు చూశారు. ఎవరికీ తెలీదు! ఆ రోజు మేం కొండ దిగినంత వేగంగా పాతికేళ్ల కుర్రాళ్లు కూడా దిగలేరు.

చూశారా పాఠకులారా, ఒక్క చిన్న వాక్యం చదివినందుకు ఎన్ని అనర్థాలు! మధ్యాహ్నం నిద్ర పోయింది. నెలకు రెండు వేలు పోయాయి. కొండ మీద సభ పోయింది. అందుకే అంటున్నాను, ఆ అక్షరాల జోలికి పోకండి. వాటిని అచ్చువేసేవాళ్ల పొదుపు చూడండి! నెలకొచ్చే అంకె మొదటి పేజీలో బొటనవేలంత లావున ఉంటుంది. 'భార్య' అనే మాట పన్నెండో పేజీలో ఆవగింజంత ఉంటుంది. ఎవరిని ఎంతలో ఉంచాలో వాళ్లకు తెలుసు. మనకూ తెలుసు. లేకపోతే పదకొండుచోట్ల సంతకం పెట్టిన మగవాడికి, పక్కగదిలో ఉన్న మనిషిని ఒక్కసారి పిలవడానికి ఏం అడ్డొచ్చింది?

ఇంకా రాయాల్సింది చాలా ఉంది. కానీ మా ఆవిడ నిన్న సహస్రబుద్ధే కొట్లో కొత్త అద్దాలు చేయించుకుంది. నంబరు చక్కగా కుదిరిందట. అరగంట నుంచి హాల్లో కూర్చుని ఏదో చదువుతోంది. వారపత్రిక అనుకున్నాను. వారపత్రికకి అంత లావు ఫైలుండదు కదా!

పేజీలు తిప్పే చప్పుడు పన్నెండో పేజీ దగ్గర ఆగింది.

"ఏమండీ! ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."