ఇసుకదొందుకు విగ్రహం

ఆ ఉదయం ఆకాశం తూర్పున కాస్తూ, పడమట కురుస్తూ ఎవరి పక్షమూ వహించలేదు. నరసింగరావుగారు మాత్రం చేపల పక్షమే. నాగావళి ఒడ్డున ఇసుకదొందు విగ్రహావిష్కరణ సభకు ఆయనే అధ్యక్షులు.

ఇసుకదొందంటే ఏటి ఇసుకలో ఒళ్లు దాచుకుని బతికే చేప, ఇప్పుడు అంతరించిపోతోంది. అంతకుముందే కనుమరుగైన పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు ఇలాంటి గౌరవానికి నోచుకోలేదు. వాటికి తొందరెక్కువ.

విగ్రహానికి పరాయి ఏటి ఇసుక వాడితే చేప మనసు నొచ్చుకుంటుందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. నరసింగరావుగారి ట్రాక్టర్లు ఏళ్ల తరబడి తవ్వుతున్న రేవులోనే మరికొంత తవ్వాయి. ఇసుకంతా ఆయన ఉచితంగా ఇచ్చారు. ఏరు ఆయనకు ఇచ్చినట్టే.

ఇంట్లో మాత్రం ఈ సేవకు గుర్తింపు లేదు. పురిటికొచ్చిన కూతురు ఝాన్సీకి పాలు పడలేదు. ఏటి చేప తింటేనే పడతాయని భార్య చిన్నతల్లి పట్టు.

"ఒక్క ఇసకదొందు తెమ్మని ఎన్నాళ్ల బట్టి మొత్తుకుంటన్నాను?"

"ఇయ్యాల ఇగ్రహం పని కానీయే."

"ఇగ్రహాన్ని పిండితే పాలొస్తాయేటి?"

వల వేసే పైడిరాజు ఏరంతా గాలిస్తే, శిల్పికి నమూనాగా ఒక్కటి దొరికింది. అది బకెట్టులో వేదికెక్కింది.

"ఇంకోటి సూడరా, మనవడికి పాలు కావాల," అన్నారు నరసింగరావుగారు, కండువా సర్దుకుంటూ.

"ఏట్లో ఇసకుంటే కదా బాబూ, దొందుండడానికి! ఉన్న ఇసకంతా ఆ ఇగ్రహం లోన ఉన్నాది."

రాజాం నుంచి వచ్చిన ముఖ్య అతిథి ధనరాజ్‌గారు బకెట్టుకు దండ వేసి ఉపన్యసించారు: "ఈ చేప మన బిడ్డ! చిట్టచివరి చేపను కూడా ప్రాణమిచ్చి కాపాడుకుంటాం!"

చప్పట్లకు చేప ఉలిక్కిపడింది.

సభ ముగియగానే బకెట్టు చాటుగా ఇల్లు చేరింది. చిన్నతల్లి వెల్లుల్లి దట్టించి, కూతురి కోసం పులుసు పెట్టింది. కమిటీతో భోజనానికొచ్చిన ధనరాజ్‌గారు గుమ్మంలోనే గాలి పీల్చి, "ఏటి చేపేనా?" అన్నారు. అతిథి నోరు తెరిచి అడిగాక లేదనడం నరసింగరావుగారి వంశంలో లేదు.

"తమకోసమే," అన్నారు.

చిన్నతల్లి భర్త వైపు ఒక చూపు చూసి, పులుసు దాక తెచ్చి వాళ్ల మధ్యన దించింది. ముఖ్య అతిథికి నడుంముక్క, అధ్యక్షులకు తలకాయ, కమిటీకి పులుసు.

లోపల పసివాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బయట అందరూ నోరెత్తకుండా తిన్నారు. చేప తినేటప్పుడు మాట్లాడితే ముల్లు గుచ్చుకుంటుందని పెద్దలు చెప్పారు. పెద్దల మాట మనం ఎన్నడు జవదాటాం గనక?