కారణం లేని పదకొండు అడుగులు

నీలంపేట పురపాలక సంఘం పరిధిలో బాత్రూమ్ మొక్కలు కన్నీళ్ళతో తప్ప మరే నీళ్ళతోనూ పెరగవు. అందుకని అక్కడ కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు మొక్క తెచ్చుకునే ముందే, ఇంట్లో ఎవరు ఏపాటి ఏడుస్తారో ఒక అంచనాకి రావాలి. ఇంటిపన్ను రసీదు చూపిస్తే మొక్కని పురపాలక సంఘమే ఇస్తుంది. కుండీ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

బాత్రూములోనే ఎందుకు అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. మొదట్లో హాల్లో పెట్టి చూశారు. చుట్టాలొస్తే నవ్వుతూ కూర్చోవాలి కాబట్టి వారం తిరక్కుండా ఎండిపోయాయి. వంటింట్లో పెడితే ఉల్లిపాయల కన్నీళ్ళు పడి వేళ్ళు కుళ్ళాయి. లోపలి గడియ ఉండి, కుళాయి తిప్పితే చప్పుడు బయటికి రాకుండా, ఏమైందని ఎవరూ అడగని గది ఇంటికి ఒక్కటే ఉంటుంది. అక్కడ వెలుతురు తక్కువైనా ఫరవాలేదు, గీజరు ఆవిరి ఆకులకి మంచిదే. వారానికోసారి కుండీని కాస్త తిప్పాలి, తడిగుడ్డతో ఆకులు తుడవాలి, సబ్బు నురగ మట్టిలో పడనివ్వకూడదు. మిగతాది సంసారం చూసుకుంటుంది.

ఏ ఇంటికి ఏ మొక్క అన్నది నర్సరీ గుమస్తా నాలుగు ప్రశ్నలు వేసి తేలుస్తాడు. బ్రహ్మచారులకి స్నేక్ ప్లాంటు ఇస్తారు, నెలకో చుక్క పడినా బతుకుతుంది. పొద్దస్తమానం మాటలు పడే ఇళ్ళకి ఫెర్ను, దానికి పూటపూటా తడి కావాలి. మధ్యరకం ఇళ్ళకి మనీప్లాంటు. కరెంటాఫీసులో మీటరు రీడరైన భానోజీ పెళ్ళైన కొత్తలో వెళ్ళి, "మా ఇంట్లో ఎవరూ ఏడవరండీ," అని గొప్పగా చెప్పాడు. గుమస్తా తలెత్తకుండానే, "అందరూ అలాగే అంటారు బాబూ," అని మనీప్లాంటు రాశాడు.

మూడేళ్ళపాటు అది తొమ్మిది అంగుళాలు దాటలేదు. భానోజీ భార్య సువర్చలకి పుట్టింటి నుంచి ఫోను వచ్చిన రోజుల్లో ఓ ఆకు వేసేది, అంతే. ఏటా ఆషాఢంలో కొలవడానికి వచ్చే ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో "సంసారపక్షం" అని రాసి, కాఫీ తాగి వెళ్ళేది. ఈ ఏడు మాత్రం ఆ తీగ నాలుగు నెలల్లో గీజరు గొట్టానికి రెండు చుట్లు చుట్టుకుని, తువ్వాళ్ళ కడ్డీ మీదుగా పాకి, వెంటిలేటర్లోంచి వీధిలోకి వేలాడింది. తమ వీధిలో పెళ్ళి కావాల్సిన పిల్లలున్నారని ఎదురింటివాళ్ళు అర్జీ పెట్టారు.

ఇన్‌స్పెక్టరు నూకరత్నం మంగళవారం ఉదయం టేపు, కత్తెర, రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. భానోజీ పట్టుకున్న ప్లాస్టిక్ స్టూలెక్కి వెంటిలేటరు దాకా కొలిచి, బయట వేలాడేది లోపలికి లాగి కొలిచి, మెల్లగా దిగింది.

"పదకొండడుగుల రెండంగుళాలు. ఎవరు పోయారమ్మా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ సువర్చల అత్తగారు గవరమ్మ అందుకుంది. "ఎవరూ పోలేదమ్మా. మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం."

అది అబద్ధమని ఎవరూ అనలేరు. పుష్యమాసంలో, ఏడో నెల నిండుతుండగా సువర్చలకి ఆడపిల్ల పుట్టింది, ఆ బిడ్డ ఏడవలేదు. చూస్తే మరిచిపోలేవని చెప్పి సువర్చలకి చూపించలేదు. భానోజీ తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి, ఒంటిగంటకల్లా స్నానం చేసి వచ్చాడు. పచ్చి ఒళ్ళు, ఏడిస్తే కళ్ళు పోతాయని గవరమ్మ హెచ్చరించింది. చూడ్డానికొచ్చినవాళ్ళు, చిన్నదానివే కదా, మళ్ళీ పుడతారన్నారు. పదకొండో రోజు లేదు, భోజనాలు లేవు, గోడకి ఫోటో లేదు. నెల తిరిగేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు. సువర్చల దుఃఖం చాలా పెద్దది, దాన్ని పెట్టుకోడానికి ఆ ఇంట్లో ఇంకో చోటు లేదు.

ఇదంతా సువర్చల నాలుగు ముక్కల్లో చెప్పింది. నూకరత్నం రిజిస్టరు తెరిచింది.

"పేరు?"

"పెట్టలేదండీ."

"బారసాల కాకుండా పేరు రాదు. పేరు లేందే పుట్టినట్టు కాగితం ఇవ్వరు. పుట్టినట్టు లేకపోతే పోయినట్టు ఇవ్వరు. పోయినట్టు కాగితం ఒక్కటుంటే, బిడ్డ కింద పన్నెండడుగుల దాకా వదిలేద్దునమ్మా."

పట్టిక ఆవిడకి నోటికొచ్చు. భర్త పోతే ఎనిమిది అడుగులు. భార్య పోతే రెండు, ఏడాదిలోగా మళ్ళీ చేసుకుంటారు కాబట్టి. తల్లికీ తండ్రికీ చెరో నాలుగు. పరీక్ష తప్పితే నాలుగంగుళాలు, బదిలీకి రెండాకులు. కారణం లేని ఏడుపుకి మనిషికి అడుగు చొప్పున ఇస్తారు.

నూకరత్నం చెడ్డ మనిషి కాదు. వెళ్ళిపోకుండా కళ్ళజోడు పెట్టుకుని, తీగని చేతుల్లోకి తీసుకుని ఆకులు ఒక్కొక్కటే తిరగేసింది. ఆడవాళ్ళ కన్నీళ్ళకి పుట్టిన ఆకుకి తొడిమ పొడుగు, మగవాళ్ళదానికి పొట్టి. అరవై దాటినవాళ్ళ ఆకుకి అంచు తెల్లగా వస్తుంది. ఇవన్నీ శాఖ వాళ్ళు శిక్షణలో నేర్పుతారు.

"ఇదంతా నీది కాదమ్మా," అంది చివరికి. "నీది ఆరడుగులే. మూడడుగుల పదంగుళాలు ఈ బాబుది. అడుగూ నాలుగంగుళాలు పెద్దావిడది."

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కళ్ళకి శుక్లాలమ్మా. ఊరికే నీళ్ళు కారతాయి."

"శుక్లాల నీళ్ళకి మొక్క పెరగదండీ."

భానోజీ బకెట్టుకేసి చూస్తూ నిలబడ్డాడు. సువర్చల ఆ పొట్టి తొడిమల ఆకుల్ని ఒక్కొక్కటే వేలితో తాకింది. నాలుగు నెలలుగా ఆ పిల్లని తనొక్కతే తలుచుకుంటోందనుకుంది. భర్త రెండు కుళాయిలు తిప్పుకుని అంతంతసేపు స్నానం చేస్తుంటే, నీళ్ళు దండగని రెండుసార్లు కసిరింది కూడా.

"పిల్ల ఎలా ఉందండీ?" అని భర్తని అడిగింది.

"జుట్టుంది," అన్నాడు భానోజీ. "చాలా ఉంది. మెడ దాకా."

నూకరత్నం కలం మూత తీసి రిజిస్టరు కాగితాలు తిరగేసింది. తరవాత, దీనికి రిజిస్టరులో గడి లేదని చెప్పి సంచీలోంచి ఒక ఫారం తీసింది. అందులో మూడు వాక్యాలున్నాయి. మా ఇంట్లో ఎవరూ పోలేదు. మొక్క పెరుగుదలకు కారణం లేదు. అదనపు భాగాన్ని తొలగించడానికి మాకు అభ్యంతరం లేదు. సంతకం పెడితే ముగ్గురు మనుషులకి మూడడుగులు ఉంచుతారు. పెట్టకపోతే అక్రమ పెరుగుదల కింద కుండీతో సహా పట్టుకుపోతారు.

సువర్చల అది మూడుసార్లు చదివింది.

"ఎవరూ పోలేదని ఎలా రాయనమ్మా?"

"నువ్వు రాయక్కర్లేదు తల్లీ, అచ్చేసే ఉంది. సంతకం చేస్తే చాలు."

"చెయ్యనంటే?"

"వీధి చివర ట్రాక్టరుంది, కుండీ ఎక్కించేస్తారు. ఆ మూడడుగులు కూడా మిగలవు. నా మాట విను."

మూడడుగులైనా మిగలాలి కాబట్టి సువర్చల సంతకం చేసింది. సాక్షి అన్నచోట భానోజీ చేశాడు. ఇంటిపెద్ద అన్నచోట గవరమ్మ వేలిముద్ర వేసి, ఆ వేలు కొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది. ఎనిమిదడుగుల రెండంగుళాలు కత్తిరించి, చుట్ట చుట్టి, పురికొసతో కట్టారు. భానోజీయే దాన్ని వీధి చివర ఆగిన ట్రాక్టరు దాకా మోసుకెళ్ళాడు. ట్రాక్టరులో అప్పటికే అలాంటి కట్టలు చాలా ఉన్నాయి. వేటికీ చీటీల్లేవు. డ్రైవరు చోటు చాలక వాటిని కాలితో అణుస్తున్నాడు.

వెళ్ళేముందు నూకరత్నం మొక్కల సంరక్షణ కరపత్రం ఇచ్చింది. తీగ మళ్ళీ హద్దు దాటకుండా ఒక్కొక్కరూ రోజుకి ఏడు నిమిషాలకి మించి ఏడవకూడదు, ఒకరి తరవాత ఒకరు వెళ్ళాలి. హాల్లో కూర్చుని ఇంటిల్లిపాదీ కలిసి ఏడిస్తే దానికి కొలత లేదు, అనుమతీ అక్కర్లేదు. ఈ చివరి నిబంధన కరపత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీలంపేటలో దాన్ని ఇప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు.

భానోజీ ఇంట్లో కూడా వాడుకోలేదు. తెల్లారగట్ల గవరమ్మ వెళ్తుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది. సాయంత్రం భర్త డ్యూటీ నుంచి వచ్చేవేళకి సువర్చల, ఆమె తరవాత భానోజీ. ఈ ఆషాఢంలో కొలిస్తే తీగ సరిగ్గా మూడడుగులుంది. వీధి తలుపు మీద "ఆదర్శ గృహం" అని ఆకుపచ్చ స్టిక్కరు అంటించారు. ఎదురింటివాళ్ళు అభినందించడానికి వస్తే ముగ్గురూ హాల్లో కూర్చుని నవ్వుతూ మాట్లాడారు.

ఆ సాయంత్రం కూడా ఏడో నిమిషానికి సువర్చల గడియ తీసింది. భానోజీ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు, ఆమె కూడా చూడలేదు. పక్కకి తప్పుకుని దారి ఇస్తూ, "నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి, వెళ్ళండి," అంది.

అతను లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.